వెండిదా... వెండి పూతదా?

పొలాలు, ఇల్లు తేలిపోయాక అసలు పేచీ అటక మీది సామాను దగ్గర మొదలవుతుంది. ఎప్పుడో తాతగారు బందరులో ఏ దొరగారి సామాను వేలంలోనో కొన్నారని చెప్పుకునే టీపాట్ ఒకటి బయటపడుతుంది. ‘‘అచ్చం వెండి, కిలో తూగుతుంది’’ అంటాడు పెద్దన్నయ్య. ‘‘అయితే అది నా వాటాలో వేసేయండి, ఆ మేరకు డబ్బు తగ్గించుకుంటా’’ అంటుంది చెల్లెలు.

ఆ అమ్మాయి కాస్త ఆగాలి. తక్కెడ తీసేముందు టీపాట్‌ను బోర్లించి, భూతద్దం పెట్టి చూడాలి.

వెండి పేరుతో మనకున్న తికమక ఇంతా అంతా కాదు. వంటింట్లో ‘సిల్వర్ గిన్నె’ అంటే అల్యూమినియం. పేరంటాల్లో పంచే ‘జర్మన్ సిల్వర్’ అంటే రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. అందులో వెండి ఉండదు. ఇంగ్లండు నుంచి వచ్చిన పాత టీపాట్లు చాలావరకు ఈ జర్మన్ సిల్వర్ మీద వెండి పూత పూసినవే. అడుగున ‘ఈపీఎన్ఎస్’ అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలుంటే అర్థం అదే... ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్.

చిక్కేమిటంటే, కొందరు తయారీదారులు ఆ అక్షరాలను ఒక్కోటీ ఒక్కో బుల్లి డాలులో కొట్టేవారు. దూరం నుంచి చూస్తే హాల్‌మార్కే అనిపిస్తుంది. అసలు ఇంగ్లిషు వెండికి మాత్రం కాలెత్తి నడిచే సింహం బొమ్మ ఉంటుంది. అది నూటికి 92.5 పాళ్లు వెండి అన్నదానికి గుర్తు. పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినట్టు. రాణిగారి తల కూడా ఉందా? అది పన్ను కట్టిన ముద్ర. 1890తో ఆగిపోయింది కాబట్టి వస్తువు అంతకన్నా పాతదే.

కరెంటుతో పూత పట్టించే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు తీసుకున్నారు. బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది 1855లో. కాబట్టి ‘ఆనకట్ట కట్టకముందే మా ముత్తాత కొన్న ఈపీఎన్ఎస్’ అని ఎవరైనా అంటే కొంచెం అనుమానించొచ్చు. అంతకుముందు షెఫీల్డ్‌లో రాగికి వెండి రేకును అతికించి, రెంటినీ కలిపి సాగదీసేవారు. ఈ కిటుకు చిలకలపూడి బంగారం చేసే మన పనివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు! అరిగినచోట ఎర్రగా రాగి కనిపిస్తే ఈ రకం కావచ్చు. అయితే రాగి మీద కరెంటు పూత పూసినవీ ఉన్నాయి, తొందరపడొద్దు.

వయసు తేల్చడానికి ఇంకో దారి, అక్షరాలు. ‘ఇంగ్లండ్’ అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతిది. అమెరికా దిగుమతుల చట్టం దేశం పేరు వేయాలన్నప్పటి నుంచి ఆ అలవాటు పెరిగింది. ‘మేడిన్ ఇంగ్లండ్’ అంటే ఇరవయ్యో శతాబ్దపుదని అనుకోవచ్చు. ‘ఆర్‌డీ’ అక్షరాల పక్కన అంకె ఉంటే అది 1884 నుంచి మొదలైన డిజైన్ రిజిస్ట్రేషన్ నంబరు. డిజైన్ ఎప్పటిదో చెబుతుంది, పాత్ర అంతకన్నా పాతది కాలేదు. విడిగా ఉండే నాలుగంకెల సంఖ్య చాలాసార్లు మోడల్ నంబరే. దాన్ని సంవత్సరమనుకుని మురిసిపోయేవాళ్లే ఎక్కువ. ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అన్న అమెరికన్ ముద్రలోని 1847 కూడా వ్యాపార పేరులో భాగమే. ‘పి.ఆర్ అండ్ సన్స్, మద్రాస్’ అని ఉంటే అది మౌంట్‌రోడ్డులోని పేరున్న దుకాణం. అమ్మినవాళ్ల పేరు చేసినవాళ్ల పేరే అవ్వాలని లేదు.

గీటురాయిని నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే. పైపైన గీస్తే తగిలేది వెండి పూతే కాబట్టి వెండే అనిపిస్తుంది. లోతుగా గీస్తే నిజం తెలుస్తుంది కానీ మచ్చ మిగులుతుంది. చింతపండు, విభూతి పెట్టి పండగ పండక్కీ తోమారో, ముందు ముద్రలే అరిగిపోతాయి. మెత్తటి గుడ్డ, గోరువెచ్చటి సబ్బునీళ్లు చాలు. మళ్లీ పూత వేయిస్తే మిలమిలలాడుతుంది గానీ, పాతదనం కోసం కొనేవాళ్లు సాధారణంగా మొదటి పూతకే విలువిస్తారు.

ఇక ఆ చెల్లెలి వాటా సంగతి. అడుగున ఈపీఎన్ఎస్ ఉంటే అందులో వెండి తూకం లెక్కలోకి రాదు. డబ్బు తగ్గించుకోకుండా, తాతగారి గుర్తుగా ఊరికే అడిగి పుచ్చుకోవచ్చు. సింహం కనిపించిందా, అప్పుడు అన్నయ్య చెప్పిన కిలో నిజమో కాదో తూచాల్సిందే. చెక్క పిడి బరువు తీసేసి మరీ!