ఓడలు మరిచిన రేవు... వాడపల్లి

హైదరాబాద్‌ నుంచి అద్దంకి వైపు వెళ్లే బస్సు మిర్యాలగూడ, దామరచర్ల దాటగానే కృష్ణ మీద వంతెనెక్కుతుంది. అవతలి ఒడ్డు పల్నాడు. ఇవతలి ఒడ్డు వాడపల్లి. చాలామందికి ఆ ఊరంటే కిటికీలోంచి కనిపించి మాయమయ్యే నీళ్లే. దిగి చూసేవాళ్లు తక్కువ!

మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు సరుకుల పడవలు ఆగే రేవు కావడంతో ఓడపల్లి అన్నారనీ, అదే వాడపల్లి అయిందనీ స్థానికులు చెబుతారు. నిజాం జమానాలో వజీరాబాద్‌ అన్నారు. రెడ్డిరాజుల కాలం నాటిదని చెప్పే కోట ఆనవాళ్లు మట్టిలో కలిసిపోతున్నాయి. ఆ రోజుల్లో రేవు విలువ తెలియాలంటే మోటుపల్లి శాసనం గుర్తు చేసుకోవాలి. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకు రాజులు లాగేసుకునేవారు. అలా చేయబోమని 1244లో కాకతీయ గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డీ అక్కడే మరో శాసనం వేయించాడు. అది సముద్రపు రేవు, ఇది నదీరేవు. అక్కడ శాసనమైనా మిగిలింది, ఇక్కడ పేరే మిగిలింది.

గుళ్లు మాత్రం నిత్యం కళకళలాడుతున్నాయి. అగస్త్యేశ్వరుడి లింగం తలపై ఒక బిలం, అందులో నీళ్లు! తనను శరణు కోరిన పక్షిని కాపాడేందుకు శివుడు బోయవాడికి తన తలలోని మాంసమే తీసుకోమన్నాడట. ఆ గాయాన్ని కడగడానికి గంగ వచ్చిందట. లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలు చూడండి. కిందిది నిలకడగా వెలుగుతుంది. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్నది రెపరెపలాడుతుంది. అది స్వామి ఊపిరేనంటారు భక్తులు.

ఇక సంగమం. వికారాబాద్‌ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీకి ముచికుందా నది అని పురాణాల పేరు. పేరు గొప్పదే గానీ దారిలో హైదరాబాద్‌ మురుగంతా మోసుకొస్తోంది. స్నానం చేయాలనుకుంటే కృష్ణవైపు దిగడం మేలు. 2004, 2016 పుష్కరాలకు ఇక్కడ జనం పోటెత్తారు. మళ్లీ 2028లో వస్తారు. ఆలోగా మూసీ సంగతి ఎవరైనా పట్టించుకుంటారా?

సూర్యాపేట నుంచైనా, హుజూర్‌నగర్‌ మీదుగా కోదాడ నుంచైనా వచ్చేవాళ్లు ముందు మిర్యాలగూడ చేరుకోవాలి. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు. రైల్లో అయితే విష్ణుపురంలో దిగాలి. బస చేయాలంటే మిర్యాలగూడే నయం. సాయంత్రం ఎండ తగ్గాక వెళితే రెండు నదుల నీళ్లు కలిసేచోటు తీరిగ్గా చూడొచ్చు.