చిలకలు, శాండ్‌విచ్చు, సైతాను: రాక్ దిగ్గజాలపై జనం నమ్మేసిన కథలు

లండన్ పార్కుల్లో తిరిగేవాళ్లకు ఒక వింత కనిపిస్తుంది. చలికి వణికే ఆ ఊళ్లో పచ్చటి రామచిలుకలు గుంపులు గుంపులుగా కీచుమంటూ చెట్ల మీద వాలుతుంటాయి. మన పెరట్లో జామకాయలు కొట్టే జాతే అది. ఇవి ఇక్కడికెలా వచ్చాయని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. 1960ల చివర్లో గిటార్ విద్వాంసుడు జిమి హెండ్రిక్స్ కార్నబీ వీధిలో ఒక చిలకల జంటను పంజరంలోంచి వదిలేశాడట, ఇవన్నీ వాటి సంతానమేనట.

2019లో క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు ఈ కథను తీరిగ్గా పరీక్షించారు. వరుస నేరాలు చేసేవాడు ఎక్కడ ఉంటాడో అంచనా వేయడానికి పోలీసులు వాడే లెక్క ఒకటుంది. చిలకలు కనబడిన చోట్లన్నిటికీ దాన్నే వర్తింపజేశారు. కార్నబీ వీధి వైపు వేలు చూపే ఆధారం ఏదీ దొరకలేదు. బ్రిటన్‌లో ఈ చిలకలు బయట ఎగురుతూ కనిపించిన దాఖలాలు 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. పైగా 1929–31 మధ్య చిలకల నుంచి మనుషులకు జ్వరం సోకుతోందని పత్రికలు గగ్గోలు పెట్టాయి. భయపడినవాళ్లు పెంపుడు చిలకల్ని గుట్టుచప్పుడు కాకుండా వదిలించుకుని ఉంటారని పరిశోధకుల అంచనా. హెండ్రిక్స్ పుట్టిందే 1942లో.

హెండ్రిక్స్ ప్రతి కచేరీలోనూ గిటార్ తగలబెట్టేవాడన్నది ఇంకో నమ్మకం. నిజానికి అతను ఆ పని చేసింది చాలా తక్కువసార్లు. 1967 మార్చి 31న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఆస్టోరియాలో మొదటిసారి చేసి చేతులు కాల్చుకున్నాడు. అదే ఏడాది జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో మళ్లీ చేశాడు. రెండోదాన్ని కెమెరాలు పట్టుకున్నాయి. ఆ కొద్ది నిమిషాల దృశ్యమే వేలసార్లు తిరిగి అతని అలవాటైపోయింది.

రాక్ సంగీతం చుట్టూ తిరిగే కట్టుకథల్లో చాలావాటిది ఇదే తీరు. ఎన్నో కారణాలు కలిసి జరిగినదాన్ని ఒక మనిషి మీదో, ఒక శాపం మీదో, సైతాను మీదో పెట్టేస్తాయి. కాగితాలు తిరగేస్తే కనిపించేవి సాధన, అప్పులు, అనారోగ్యం, చేతకాని ఏర్పాట్లు.

అపోహ: 27 ఏళ్ల వయసు రాక్ కళాకారులకు గండం

శాపం కథకు పునాది గట్టిదే. 1969 జూలై 3న రోలింగ్ స్టోన్స్ బృందం వ్యవస్థాపకుల్లో ఒకడైన బ్రయన్ జోన్స్ ఇంట్లోని ఈతకొలనులో చనిపోయాడు. 1970 సెప్టెంబరు 18న హెండ్రిక్స్, ఆ తర్వాత 16 రోజులకే గాయని జానిస్ జాప్లిన్. 1971లో, మళ్లీ సరిగ్గా జూలై 3నే, పారిస్‌లో డోర్స్ గాయకుడు జిమ్ మారిసన్. నలుగురికీ 27 ఏళ్లే. 1994లో నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ కూడా అదే వయసులో పోవడంతో ఈ జాబితాకు ‘27 క్లబ్’ అన్న పేరు స్థిరపడింది. 2011లో గాయని ఎమీ వైన్‌హౌస్ కూడా చేరింది.

ఆ ఏడాది డిసెంబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 1956 నుంచి 2007 వరకు బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బం ఇచ్చిన 1,046 మంది సంగీతకారుల్ని తీసుకున్నారు. వారిలో చనిపోయినవారు 71 మంది. 27 దగ్గర ప్రత్యేకంగా మరణాలేమీ పెరగలేదు. 25 ఏళ్లకూ, 32 ఏళ్లకూ కూడా దాదాపు అదే రేటు. అయితే ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న సంగీతకారులకు మిగతా జనం కంటే ముప్పు ఎక్కువన్నది మాత్రం తేలింది. అసలు కలవరపడాల్సింది దానికి.

ఆ 32 సంగతే చూడండి. మామాస్ అండ్ పాపాస్ గాయని కాస్ ఎలియట్, ది హూ డ్రమ్మర్ కీత్ మూన్, లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ — ముగ్గురూ 32 ఏళ్లకే పోయారు. బీటిల్స్ మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ వయసూ అంతే. పైగా కాస్, మూన్ ఇద్దరూ లండన్‌లోని కర్జన్ ప్లేస్‌లో ఒకే ఫ్లాట్‌లో, నాలుగేళ్ల తేడాతో చనిపోయారు. ఆ ఫ్లాట్ గాయకుడు హ్యారీ నిల్సన్‌ది. క్లబ్బు పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ‘32 క్లబ్’ అని ఎవరూ అనరు. ఒకసారి ఒక అంకెకు పేరు పడ్డాక, ఆ వయసులో పోయినవాళ్లను జనం మరింత గుర్తుపెట్టుకుంటారు. 27కి పోయినవాళ్ల వికీపీడియా పేజీలను మామూలుగా ఊహించేదానికంటే ఎక్కువమంది చూస్తున్నారని 2024లో మరో అధ్యయనం చూపించింది.

అపోహ: రాబర్ట్ జాన్సన్ నాలుగు రోడ్ల కూడలిలో ఆత్మను అమ్ముకున్నాడు

27 జాబితాకు మూలపురుషుడిగా చెప్పే రాబర్ట్ జాన్సన్ రాక్ కళాకారుడు కాదు, మిసిసిపీకి చెందిన నల్లజాతి బ్లూస్ గాయకుడు. 1936, 37లలో టెక్సస్‌లో 29 పాటలు రికార్డు చేసి, 1938లో కన్నుమూశాడు. క్రీమ్, రోలింగ్ స్టోన్స్ లాంటి బృందాలు అతని పాటల్ని ఎత్తుకుని మళ్లీ పాడాయి కనుక రాక్ వంశవృక్షంలో అతనిది పెద్ద వేరు. అర్ధరాత్రి కూడలిలో సైతానుకు గిటార్ అప్పగించి, శ్రుతి చేయించుకుని వచ్చాడన్నది కథ.

ఈ కథ మొదట చెప్పుకున్నది ఇతని గురించి కాదు, టామీ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ గాయకుడి గురించి. అతని సోదరుడే చెప్పాడు. ఇంటిపేరు ఒకటే కావడంతో అది వచ్చి ఇటు అంటుకుంది. రాబర్ట్ పాడిన కూడలి పాటలో సైతాను ఊసే లేదు. సంధ్యవేళ రోడ్డు మీద బండి ఆపమని చెయ్యెత్తితే ఎవరూ ఆపని మనిషి గోడు అది. ఆనాటి మిసిసిపీలో చీకటి పడ్డాక ఒంటరిగా రోడ్డు మీదున్న నల్లజాతి మనిషికి భయపడటానికి సైతాను అక్కర్లేదు.

మరి కొన్నాళ్లు కనబడకుండా పోయి, అద్భుతమైన వాయిద్యకారుడై ఎలా తిరిగొచ్చాడు? ఆ రోజుల్లో ఐక్ జిమర్మన్ అనే గిటార్ వాద్యకారుడి ఇంట ఉండి నేర్చుకున్నాడు. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఇద్దరూ రాత్రిళ్లు శ్మశానంలో సమాధుల మీద కూర్చుని సాధన చేసేవారని జిమర్మన్ కుటుంబం చెప్పింది. శ్మశానం నిజం, గురువు నిజం. కథలో గురువును తీసేసి సైతానును కూర్చోబెట్టారు.

అపోహ: బీటిల్స్‌ను విడగొట్టింది యోకో ఓనో

బీటిల్స్ పాట ఒక్కటీ విననివాళ్లు కూడా ఈ మాట చెప్పగలరు. ఉమ్మడి కుటుంబం విడిపోతే నెపం కొత్త కోడలి మీదకు నెట్టడం మనకు కొత్త కాదు. ఇంగ్లండులోనూ అదే జరిగింది. బృందంలోని జాన్ లెనన్ భార్య, జపాన్ నుంచి వచ్చిన స్త్రీ, వయసులో అతని కంటే పెద్దది, సొంతంగా పేరున్న కళాకారిణి. పుకారుకు ఇంకేం కావాలి!

వరుస ఒకసారి చూద్దాం. బీటిల్స్ 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి టికెట్ కచేరీ చేసి ఊరూరా తిరగడం మానేశారు. అప్పటికి లెనన్‌కు యోకో ఎవరో తెలియదు. 1967 ఆగస్టు 27న ఎప్‌స్టీన్ చనిపోయాడు. ఆ సమయానికి నలుగురూ వేల్స్‌లోని బ్యాంగర్‌లో మహర్షి మహేశ్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకుంటున్నారు. లెక్కలు, ఒప్పందాలు, తగువులు అన్నీ తన నెత్తిన మోసిన మనిషి పోయాక, ఎవరికీ అనుభవం లేని ‘యాపిల్’ అనే వ్యాపారంలోకి దిగారు. డబ్బు నీళ్లలా పోయింది. 1968 ఆగస్టులో రింగో స్టార్ అలిగి రెండు వారాలు వెళ్లిపోయాడు. 1969 జనవరి 10న జార్జ్ హారిసన్ లేచి బయటికి నడిచాడు. తన పాటలకు చోటు దొరకడం లేదన్నది అతని చాలాకాలపు ఉక్రోషం.

అసలు చీలిక డబ్బు పెత్తనం దగ్గర వచ్చింది. లెనన్, హారిసన్, రింగో అమెరికా వ్యాపారి ఆలెన్ క్లైన్‌ను మేనేజరుగా కోరుకున్నారు. పాల్ మెకార్ట్‌నీ తన మామగారు లీ ఈస్ట్‌మన్ వైపు నిలబడ్డాడు. (ఆ లెక్కన కోడలి పుట్టింటివాళ్లు ఈ కథలో ఉన్నారు గానీ, ఆ కోడలు యోకో కాదు.) 1969 సెప్టెంబరులో తాను వెళ్లిపోతున్నానని లెనన్ మిగతావాళ్లకు చెప్పాడు, వ్యాపార ఒప్పందాల కోసం దాన్ని గుట్టుగా ఉంచారు. 1970 ఏప్రిల్‌లో పాల్ బయటపెట్టడంతో లోకం పాల్‌ను తిట్టింది. డిసెంబరు 31న అతను లండన్‌లో కోర్టుకెక్కాడు. 1973 నాటికి మిగతా ముగ్గురూ కూడా క్లైన్‌తో తెగతెంపులు చేసుకున్నారు. యోకో ఆ బృందాన్ని విడగొట్టలేదని పాల్ 2012లో పాత్రికేయుడు డేవిడ్ ఫ్రాస్ట్‌తో స్పష్టంగా చెప్పాడు.

2021లో దర్శకుడు పీటర్ జాక్సన్ విడుదల చేసిన సుదీర్ఘ డాక్యుమెంటరీలో 1969 జనవరి రిహార్సళ్లు గంటల తరబడి చూడొచ్చు. యోకో లెనన్ పక్కనే కూర్చుని పత్రిక చదువుకుంటూ, ఉత్తరాలు చూసుకుంటూ ఉంటుంది. యోకో ఆంప్లిఫైయర్ మీద కూర్చున్నందుకే వీళ్లు విడిపోయారని యాభై ఏళ్ల తర్వాత జనం చెప్పుకుంటారని పాల్ అందులోనే నవ్వుతూ అంటాడు. లెక్క కూడా ఇంచుమించు తప్పలేదు.

అపోహ: కాస్ ఎలియట్ శాండ్‌విచ్ గొంతుకు అడ్డుపడి చనిపోయింది

ఈ పుకారు నవ్వులాటగా మారి అర్ధశతాబ్దం ఒక స్త్రీని అవమానించింది. 1974 జూలైలో కాస్ లండన్ పల్లాడియంలో రెండు వారాల ప్రదర్శనలు ముగించింది. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 29న ఫ్లాట్‌లో నిద్రలోనే పోయింది. మంచం పక్కన ముట్టని శాండ్‌విచ్ ఒకటి ఉంది. శవపరీక్షలో శ్వాసనాళంలో ఆహారం లేదు, ఒంట్లో మాదకద్రవ్యాలు లేవు. చనిపోయింది గుండె ఆగి. బరువు తగ్గాలని ఆమె ఏళ్ల తరబడి కఠినమైన ఉపవాసాలు చేసింది.

శాండ్‌విచ్ కథను పత్రికకెక్కించిన హాలీవుడ్ విలేకరి స్యూ కామెరన్ చాలా ఏళ్ల తర్వాత అసలు సంగతి చెప్పింది. కాస్ మేనేజర్ ఆలన్ కార్ అలా రాయమని బతిమాలాడట. మాదకద్రవ్యాల వల్ల పోయిందని ఎవరైనా అంటారేమోనని అతని భయం. పరువు కాపాడబోయి లావుపాటి మనిషి మీద లోకం ఇట్టే నమ్మే హాస్యాన్ని అంటగట్టాడు.

అపోహ: ఫ్రెడీ మెర్క్యురీ గురించి సినిమాలో చూసిందంతా నిజమే

క్వీన్ గాయకుడి అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గుజరాత్ పార్సీలు. ఇంటిపేరు బల్సార్, అంటే నేటి వల్సాడ్, నుంచి వచ్చింది. మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ హాస్టల్లో చదువుకుంటూ అక్కడే ‘హెక్టిక్స్’ అనే బృందంలో పియానో వాయించాడు. ఇంగ్లండుకు చేరింది 1964లో, జాంజిబార్ విప్లవం తర్వాత.

2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమాలో ఫ్రెడీ సొంత ఆల్బం కోసం బృందాన్ని వదిలేస్తాడు. లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీకి ముందు తనకు హెచ్‌ఐవీ ఉందని స్నేహితులకు చెబుతాడు. విడిపోయినవాళ్లు వేదిక మీద కలుస్తారు. కన్నీళ్లు పెట్టించే ముగింపే. కానీ క్వీన్ అప్పటికి విడిపోనే లేదు. 1985 జనవరిలో రియోలో పాడారు, మే నెలలో జపాన్‌లో యాత్ర ముగించారు, జూలై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ వేదిక ఎక్కారు. అంత బాగా పాడటానికి పునర్మిలనం కంటే అప్పటిదాకా చేసిన యాత్రే ఎక్కువ పనికొచ్చి ఉంటుంది. విడి ఆల్బం విషయంలో మొదటివాడు డ్రమ్మర్ రోజర్ టేలర్, 1981లోనే తీసుకొచ్చాడు. ఫ్రెడీకి వ్యాధి నిర్ధారణ అయింది 1987లో అని అతని సహచరుడు జిమ్ హట్టన్ రాశాడు.

నాలుగు స్థాయిల గొంతన్న ప్రచారాన్నీ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2016లో వచ్చిన పరిశోధనలో ఆ మాటకు రుజువు దొరకలేదు. అతను మాట్లాడే గొంతును బట్టి చూస్తే బ్యారిటోన్, అంటే కాస్త మంద్ర శ్రేణి. పై స్వరాలు ఎంచుకుని పాడాడు. అతని కంపితం మామూలు గాయకుల కంటే వేగంగా, క్రమం తప్పుతూ సాగుతుందని కూడా అందులో తేలింది.

అపోహ: సైతాను పాట పాడుతుండగా ఆల్టమాంట్‌లో హత్య

1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీలో మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ల కుర్రాణ్ని కత్తితో పొడిచి చంపారు. ఆ సమయంలో ‘సింపతీ ఫర్ ద డెవిల్’ పాడుతున్నారని ఇప్పటికీ రాస్తుంటారు. ఆ పాట అప్పటికే అయిపోయింది. హత్య జరిగింది ‘అండర్ మై థమ్’ పాడుతుండగా. ‘గిమ్మీ షెల్టర్’ డాక్యుమెంటరీలో అది రికార్డయి ఉంది. కారణాలు చూస్తే, కచేరీ స్థలం ఆఖరి రెండు రోజుల్లో మారింది. వేరే చోట గుట్ట మీద పెట్టడం కోసం తయారుచేసిన, మీటరు ఎత్తు మించని వేదికను పల్లంలో నిలబెట్టారు. దాని ముందు సుమారు మూడు లక్షల మంది. కాపలాకు బీరు ఇచ్చి తెచ్చుకున్న హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠా.

ఇవన్నీ చదివాక ప్రతి కథనూ కొట్టిపారేయాలనిపిస్తుంది. అదీ కుదరదు. 1977లో మార్వెల్ ప్రచురించిన కిస్ బృందం కామిక్ పుస్తకం ఎర్ర సిరాలో నలుగురూ తమ నెత్తురు కలిపారు. అందుకోసం రక్తం తీయించుకున్నారు. రోలింగ్ స్టోన్స్ గిటార్ వాద్యకారుడు కీత్ రిచర్డ్స్ స్విట్జర్లాండ్‌లో ఒంట్లో రక్తమంతా మార్పించుకున్నాడన్నది మాత్రం అబద్ధం. విలేకరుల ప్రశ్నలకు విసిగి తానే వదిలిన జోకని అతను చెప్పుకున్నాడు. ఇక 1982 జనవరి 20న అమెరికాలోని డిమాయిన్‌లో గాయకుడు ఆజీ ఆస్బర్న్ గబ్బిలం తల కొరకడం నిజమే. ప్రేక్షకుల్లో ఎవరో విసిరితే రబ్బరు బొమ్మ అనుకున్నానని అతను జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ సూదిమందులు మొదలుపెట్టారు.