సైకిలు గేరుమీటకు కందెన



త్రిపురాంతకేశ్వరుని కొండక్రింద పెరిగిన మనకు బండి యిరుసునకు కందెన పెట్టుట యెవరును నేర్పనక్కరలేదు. ఇరుసు కీచుమన్న వెంటనే యెద్దులను నిలిపి కందెన రాచినవారమే. మనుమల చేతిలోని గేరు సైకిలు మాత్రము వేరు జాతి. ఆ భేదము తెలియక నేను చేసిన పొరపాటును ముందుగా మనవి చేసెదను.

మా మనుమడు గుంటూరులో చదువుచున్నాడు. గత శివరాత్రికి వినుకొండ మీదుగా తన సన్నచక్రాల సైకిలుపై వచ్చెను. కుడిమీట బిగుసుకొన్నదనగా, నేను పెద్దరికముతో దానిలో ఆముదము పోసితిని. రెండునాళ్లు బాగుగనే యుండెను. మూడవనాడు మీట నొక్కినను టక్కుమను శబ్దము లేదు, వట్టిగా నూగసాగెను. గొలుసు మిక్కిలి చిన్న పళ్లచక్రముపైననే నిలిచిపోయెను. అట్టి గేరుతో ఎగువదారి యెక్కుట దుస్తరము. కుర్రవాడా దోర్నాలనుండి శ్రీశైలము ఘాటు నెక్కవలెనని సంకల్పించుకొని యున్నాడు. బాగుచేయువాడు చూచి క్రొత్త జత వేయవలెననెను. దాని వెల ఒక సాధారణపు సైకిలు వెలను మించినది.

తప్పు నాది గనుక మీటను విడువక పరిశీలించితిని. పూర్వము గేరుమీటలు చట్రపు క్రిందికడ్డీకి ఉండెడివి. గేరు మార్చుటకు చేయి దించవలసివచ్చెడిది. 1990లో జపానుదేశపు షిమానో కంపెనీవారు బ్రేకుమీటను గేరుమీటను ఒక్కచోట కూర్చిరి; తరువాత ఇతరులును అనుసరించిరి. సౌకర్యమే, కాని పిడికెడంత గూటిలో పళ్లచక్రము, సన్నని కొక్కెములు, వెంట్రుకవంటి స్ప్రింగులు ఇరుకుకొన్నవి. కొక్కెము పంటికి తగిలిననే తీగ లాగబడును. కర్మాగారమున పెట్టిన గ్రీజు ఏండ్లు గడచిన బంకయగును. మార్కాపురపు దారిలోని పలకరాతి ధూళి దానిలో కలియును. కొక్కెము ఆ బంకలో నిలిచిపోవును. ఇరుసునకు గుణమైన చిక్కదనమే యిచట దోషము. నా ఆముదము బంకకు బంక తోడుచేసినది.

వైద్యమిది. చక్రపు అంచును, బ్రేకురబ్బరులను గుడ్డతో కప్పవలెను. అచట నూనె పడిన బ్రేకు పట్టదు, ఘాటు దిగునపుడు ప్రాణాపాయము. బ్రేకుమీటను వెనుకకు లాగి, తెరచుకొన్న సందులోనికి తుప్పు వదలించు పలుచని నూనెను గొట్టముతో చిమ్మవలెను. దాపున దీపముగాని చుట్టగాని ఉండరాదు. పిమ్మట మీటను నూరుమార్లు నొక్కుడు. నల్లని మురికి కారును. తుడిచి మరల చిమ్ముడు. నాకు రెండు పూటలు పట్టెను. రెండవ సాయంకాలము టక్కుమన్న శబ్దము వినబడగా మనుమడు కేకవేసెను. చివర కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు చాలును. విద్యుత్తుతో నడచు మీటలకు ఈ వైద్యము తగదు.

ఒక్కటి మరువరాదు: గూటిలో తీగ తలను చూడవలెను. అచట వంగి వంగి పోగులు తెగుచుండును. మావాని తీగకు అప్పటికే మూడు పోగులు తెగియున్నవి. కొండనడుమ అది తెగిన మరల చిన్నచక్రమే గతి. తీగ మార్పించితిమి.

మరునాడు తెల్లవారగనే దోర్నాల దారి పట్టెను. సాయంకాలము సున్నిపెంటనుండి ఫోను చేసెను. క్రొత్తతీగ సాగి, నడిమిగేరు తడబడుచున్నదట. బిగింపుమరను అరచుట్టు త్రిప్పుమంటిని.