ఫ్లాపీ పోయింది, పెట్టె మిగిలింది

రాజన్న సిరిసిల్ల జిల్లాలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పాతబడ్డ సాంచాను తూకానికి వేసి కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే సాదా మగ్గాలకు ఉన్నచోటే కొత్త పరికరాలు బిగించుకునేందుకు కేంద్రం ఒక పథకం పెట్టింది. అవి బిగించాక పడుగు పోగు తెగినా, పేక పోగు తెగినా మగ్గం దానంతటదే ఆగిపోతుంది. మగ్గం అదే, చప్పుడూ అదే, నేత మాత్రం మెరుగవుతుంది. నలభై ఏళ్ల నాటి కంప్యూటర్లను బతికించుకునేవాళ్లు చేసేదీ ఇదే పని.

మన దేశంలో ఈ ముచ్చటకు తగిన పెట్టె బీబీసీ మైక్రో. బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో దీన్ని విడుదల చేసింది. కీబోర్డూ కంప్యూటరూ ఒకే డబ్బాలో ఉంటాయి, టీవీకి తగిలిస్తే చాలు. 1984–85లో 'క్లాస్' పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలైనప్పుడు పిల్లల ముందుకొచ్చింది ఇదే. ప్రభుత్వ రంగంలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ దీన్ని 'యూనికార్న్' పేరుతో ఇక్కడా తయారు చేసింది. మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

అటక మీంచి దించగానే ప్లగ్గులో పెట్టడం అందరూ చేసే తప్పు. కాసేపటికి లోపల 'టప్'మంటుంది, ఘాటైన పొగ గదంతా కమ్ముతుంది. పవర్ సప్లైలో కాగితం చుట్టి చేసిన రీఫా కంపెనీ కండెన్సర్లుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పైపూత బీటలు వారి, లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది. ఇక కరెంటు తగిలితే కాలిపోతాయి. బదులుగా ఎక్స్2 రకం ప్లాస్టిక్ ఫిల్మ్ కండెన్సర్లు వెయ్యాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పెద్ద ఖర్చు లేకుండా దొరికే సరుకే ఇది. డబ్బా మూత తియ్యడం తేలిక, ఏ స్క్రూలు విప్పాలో వాటి పక్కనే 'ఫిక్స్' అని అచ్చు వేసి ఉంటుంది. పవర్ సప్లై మాత్రం తెలిసినవాళ్లే విప్పాలి. తీగ పీకేసినా అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు.

అసలు సరదా స్టోరేజీ దగ్గరుంది. అప్పట్లో ప్రోగ్రాములు పాటల క్యాసెట్ల మీదే దాచేవారు. 30 కిలోబైట్ల ఆట ఎక్కాలంటే నాలుగు నిమిషాలు పైనే, మధ్యలో టేపు నలిగితే మళ్లీ మొదటికే. డబ్బున్న బడి ఫ్లాపీ కొనేది. 80 ట్రాకుల ఫ్లాపీలో ఒక వైపు 200 కిలోబైట్లు, ఎంత చోటు మిగిలినా ఫైళ్లు 31కి మించకూడదు.

ఇప్పుడు యూజర్ పోర్టుకు గోరంత ఎస్‌డీ కార్డు తగిలిస్తారు, ఖాళీ సాకెట్లో ఒక 'రోమ్' చిప్పు గుచ్చుతారు. కార్డులోని ఒకే ఫైలులో 511 ఫ్లాపీలు ఒదిగిపోతాయి. అన్నీ కలిపినా వంద మెగాబైట్లే! ఫ్లాపీ సర్క్యూట్ ఉన్న పెట్టెలకు గోటెక్ అనే మరో దారి ఉంది. ఇది పెన్‌డ్రైవ్ పెట్టే డ్రైవు, చూసే కంప్యూటర్‌కు మాత్రం ఫ్లాపీలాగే కనిపిస్తుంది. ఫ్లాపీలు దొరక్క ఆగిపోయే ఎంబ్రాయిడరీ మిషన్ల వంటి ఫ్యాక్టరీ యంత్రాల కోసం వచ్చిన సరుకు ఇది. అంటే కంప్యూటర్ ప్రియులు దీన్ని బట్టల పరిశ్రమ నుంచి అరువు తెచ్చుకున్నట్టే.

మెమరీ సంగతి మరీ విడ్డూరం. మంచి గ్రాఫిక్స్ కావాలంటే 32లో 20 కిలోబైట్లు తెరే మింగేస్తుంది. ఫ్లాపీ వాటా కూడా పోతే ప్రోగ్రాముకు మిగిలేది ఆరు కిలోబైట్ల లోపే. షాడో ర్యామ్ బోర్డు వేస్తే ఆ 20 తిరిగి చేతికొస్తాయి.

ఇక పెట్టె అడుగున 'ట్యూబ్' అనే కనెక్టరుంది, రెండో ప్రాసెసర్ తగిలించడానికి. 1985 ఏప్రిల్ 26న ప్రపంచపు తొలి ఆర్మ్ చిప్పును ఏకార్న్ ఇంజినీర్లు పరీక్షించింది ఈ దారిలోనే. ఆ చిప్పు సంతతే నేడు మన ఫోన్లలో ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనూ ఉంది. ఇప్పుడు ఆ చిన్న కంప్యూటర్‌నే తెచ్చి ట్యూబుకు కలుపుతున్నారు. మనవరాలు అమ్మమ్మ ఇంటికొచ్చి చాకిరీ చేసినట్టు!

మీ ఊరి బడి స్టోరు గదిలో ఎర్రటి ఫంక్షన్ కీలు, నల్లటి అక్షరాల కీలున్న లేత గోధుమరంగు డబ్బా కనిపిస్తే తూకానికి వెయ్యకండి, ప్లగ్గులోనూ పెట్టకండి. ముందు ఆ కండెన్సర్లు మార్పించండి.