విడిది గృహాల బుకింగ్ వేదికల సమన్వయం: సాఫ్ట్‌వేర్ ఎంపికకు ప్రమాణాలు

వ్యాససంగ్రహం:
ఒకే విడిది గృహాన్ని అనేక ఆన్‌లైన్ వేదికలలో ప్రకటించినప్పుడు, ఆ వేదికల క్యాలెండర్లన్నీ ఒకే సమాచారాన్ని చూపడం అత్యవసరం. ఇందుకు అందుబాటులో ఉన్న రెండు సాంకేతిక మార్గాల పనితీరును, పరిమితులను వివరించి, ఎంపికకు తగిన ప్రమాణాలను సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విడిది గృహం, ఐక్యాలెండర్, ఛానెల్ మేనేజర్, ఏపీఐ, ద్వంద్వ బుకింగ్.

1. ఉపోద్ఘాతం

బుకింగ్.కామ్ 1996లో నెదర్లాండ్స్‌లోను, ఎయిర్‌బీఎన్‌బీ 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలోను ప్రారంభమయ్యాయి. ఇటువంటి ప్రతి వేదికా తన బుకింగుల వివరాలను తన వద్దనే భద్రపరుస్తుంది. ఇల్లు ఒక్కటే అయినా క్యాలెండర్లు అనేకం కావడమే సమస్యకు మూలం. ఒకే రాత్రికి ఇద్దరు వేర్వేరు అతిథులకు గది ఖరారు కావడాన్ని ద్వంద్వ బుకింగ్ అంటారు. దాని వల్ల దూరప్రయాణం చేసి వచ్చిన కుటుంబం గుమ్మం ముందు నిలిచిపోవలసి వస్తుంది. యజమాని తన మాటను, ఆదాయాన్ని, వేదికపై సంపాదించుకున్న పేరును కోల్పోవలసి వస్తుంది.

2. క్యాలెండర్ లింకుల పద్ధతి

క్యాలెండర్ సమాచారాన్ని వేర్వేరు సాఫ్ట్‌వేర్లు పంచుకోవడానికి ఐక్యాలెండర్ అనే ప్రమాణం 1998లో రూపొంది, 2009లో సవరింపబడింది. దీని ప్రకారం ఒక వేదిక తన క్యాలెండరుకు ఒక లింకు ఇస్తుంది. రెండవ వేదిక ఆ లింకును నిర్ణీత వ్యవధిలో చదివి, నిండిన తేదీలను మూసివేస్తుంది. సాధారణంగా దీనికి ప్రత్యేక రుసుము ఉండదు.

అయితే ఆ వ్యవధిలోనే ప్రమాదం దాగి ఉంది. అరకులోయలోని ఒక ఇల్లు రెండు వేదికలలో ఉన్నదని, లింకును మూడు గంటలకొకసారి చదువుతారని ఊహిస్తే విషయం స్పష్టమవుతుంది. రెండవ వేదిక ఉదయం 9 గంటలకు లింకును చదివింది. 10 గంటలకు మొదటి వేదికలో శనివారం రాత్రి బుక్ అయింది. 12 గంటల వరకు రెండవ వేదిక ఆ రాత్రిని ఖాళీగానే చూపుతుంది. 11 గంటలకు అక్కడ మరొకరు బుక్ చేస్తే రెండు బుకింగులూ చెల్లుతాయి. ఇక్కడ ఏ యంత్రమూ చెడిపోలేదు. అది ఆ పద్ధతి స్వభావం. పైగా ఈ లింకు ప్రధానంగా తేదీలనే చేరవేస్తుంది. అద్దె, కనీస రాత్రుల సంఖ్య వంటివి ప్రతి వేదికలోను విడిగా మార్చుకోవలసిందే.

3. ఛానెల్ మేనేజర్ పద్ధతి

ఈ పద్ధతిలో అన్ని వేదికలకు మధ్య ఒక కేంద్ర సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది ఏపీఐ ద్వారా, అనగా సాఫ్ట్‌వేర్ల మధ్య నేరుగా జరిగే సమాచార వినిమయం ద్వారా, ఒక వేదికలో బుకింగ్ జరిగిన వెంటనే మిగిలిన వాటికి తెలియజేస్తుంది. అద్దెలు, నిబంధనలు కూడా ఒకే చోట మార్చవచ్చు. వ్యవధి బాగా తగ్గుతుంది కాని పూర్తిగా తొలగిపోదు. అదనంగా రుసుము భారం ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి గదిని వేదికలోని సరైన గదితో జతపరచడంలో పొరపాటు జరిగితే, ఒక గదికి బదులు మరొకటి మూతపడుతుంది.

4. ఎంపిక ప్రమాణాలు

అ) బుకింగుల తీరు: నెలల ముందే బుక్ అయ్యే ఒకే ఇంటికి, రెండు వేదికలకు లింకులు సరిపోవచ్చు. చివరి క్షణపు బుకింగులు, పలు గదులు, పండుగ రోజుల రద్దీ ఉంటే ఛానెల్ మేనేజర్ అవసరం.

ఆ) అనుసంధాన స్వరూపం: ఒకే సాఫ్ట్‌వేర్ కొన్ని వేదికలతో ఏపీఐ ద్వారా, మరికొన్నింటితో కేవలం లింకు ద్వారా కలిసే అవకాశం ఉంది. కాబట్టి ప్రతి వేదిక గురించి విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

ఇ) వైఫల్య సూచన: అనుసంధానం తెగినప్పుడు యజమానికి వెంటనే హెచ్చరిక అందాలి. నిశ్శబ్దంగా ఆగిపోయే సాఫ్ట్‌వేర్, అసలు లేనిదాని కంటే ప్రమాదకరం.

ఈ) ప్రయోగ పరీక్ష: చందా కట్టే ముందు ఒక వేదికలో ఒక తేదీని మూసి, మిగిలిన వాటిలో అది ఎంతసేపటికి మూతపడిందో గడియారం చూసి కొలవాలి. ఆ తేదీని తిరిగి తెరిచి కూడా పరీక్షించాలి.

ఉ) నిష్క్రమణ సౌలభ్యం: సాఫ్ట్‌వేర్‌ను మార్చదలచినప్పుడు రాబోయే బుకింగుల వివరాలను పూర్తిగా వెంట తీసుకువెళ్లగలగాలి.

5. ముగింపు

సౌకర్యాల పట్టిక పొడవు, నెలసరి రుసుము అనేవి ఎంపికలో తరువాతి అంశాలు. ఒక బుకింగ్ వార్త మిగిలిన వేదికలకు ఎంతసేపటిలో చేరుతుంది, చేరకపోతే ఎవరికి తెలుస్తుంది అనేవే మొదటి ప్రశ్నలు. లింకులతోనే సరిపెట్టుకోదలచిన వారు రద్దీ రోజులలో తక్షణ బుకింగ్‌ను ఒకే వేదికకు పరిమితం చేసి, మిగిలిన చోట్ల తమ అనుమతి తరువాతే ఖరారయ్యేలా అమర్చుకోవడం మేలు. అటువంటి వీలు లేని వేదికలో ఆ తేదీలను ముందుగానే మూసివేయడం క్షేమం.