ఆ పేరు మీదేనా?

షార్ట్‌ఫిల్మ్, వెబ్ సిరీస్, నాటకం... ఏది మొదలుపెట్టినా ముందు ఒక మంచి పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకుంటాం. దొరికిన పేరు మీద హక్కు ఎవరిదన్న సంగతి మాత్రం గొడవ వచ్చేదాకా గుర్తుకురాదు!

‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని వెక్కిరిస్తాం కానీ, సినిమావాళ్ల దగ్గర ఆ సామెత చెల్లదు. కథ ఒక కొలిక్కి రాకముందే, హీరో ఖరారు కాకముందే టైటిల్ రిజిస్టర్ చేయించేస్తారు. పేరు చేజారితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు. 2010లో మహేష్‌బాబు ‘ఖలేజా’ కాస్తా ‘మహేష్ ఖలేజా’ అయింది. అదే ఏడాది ‘కత్తి’ కాస్తా ‘కళ్యాణ్‌రామ్ కత్తి’ అయింది. ఆ పేర్లు అప్పటికే వేరొకరి దగ్గర ఉండటమే కారణం.

అవి పెద్ద సినిమాలు కాబట్టి ముందు హీరో పేరు తగిలించుకుని గట్టెక్కాయి. అదే నలుగురు స్నేహితులు జీతాల్లోంచి తలా కాస్త వేసుకుని, శనాదివారాల్లో షూటింగ్ చేసి తీసిన చిన్న సినిమా అయితే? యూట్యూబ్‌లో పెట్టిన ఆర్నెల్లకు అదే పేరుతో ఓ పెద్ద సినిమా పోస్టర్ పడిందనుకోండి. ఆ రోజు నుంచి ఆ పేరు కొట్టి వెతికితే కనిపించేవన్నీ పెద్ద సినిమా పాటలూ ట్రైలర్లే. చిన్న సినిమా ఎక్కడో అడుగున పడిపోతుంది. ‘పేరు మాది’ అని లబోదిబోమంటే చట్టం వింటుందా?

కాపీరైట్ కాపాడదు

‘మేం కథ రిజిస్టర్ చేయించాం, మాకేం భయం లేదు’ అంటుంటారు చాలామంది. కథకు భయం లేకపోవచ్చు. పేరు సంగతి వేరు.

ముంబయిలో ఓ రచయిత ‘దేశీ బాయ్స్’ పేరుతో కథా సంగ్రహం రాసి 2008లో అక్కడి సినీ రచయితల సంఘంలో నమోదు చేయించారు. 2011లో అక్షయ్‌కుమార్, జాన్ అబ్రహాం నటించిన సినిమా ఇంచుమించు ఆ పేరుతోనే వచ్చింది. ‘నా టైటిల్ తీసుకున్నారు’ అంటూ ఆయన ఫిర్యాదు చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో తీర్పు వచ్చింది... కేవలం టైటిల్‌కు కాపీరైట్ ఉండదని! కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, పాటలు రచనలు. రెండు మూడు మాటల పేరు చట్టం దృష్టిలో రచన కాదు.

మరి ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ నమోదు? అది నిర్మాతలు తమలో తాము గొడవలు రాకుండా చేసుకున్న ఏర్పాటు. సభ్యుల మధ్య అది బాగానే పనిచేస్తుంది. పైన చెప్పిన పెద్ద సినిమాల పేర్లే సాక్ష్యం. కానీ చట్టం ఇచ్చే హక్కు కాదది. పైగా యూట్యూబ్‌కు తీసేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు చాలామంది ఆ గుమ్మం తొక్కనే తొక్కరు.

ఇక మిగిలింది ట్రేడ్‌మార్క్. సబ్బుకో, టీపొడికో ఉన్నట్టే సినిమా పేరుకూ ఉండొచ్చు. చిక్కల్లా అక్కడే మొదలవుతుంది.

ఒకే దర్శకుడు... రెండు కేసులు

2007లో రామ్‌గోపాల్ వర్మ అమితాబ్ బచ్చన్‌తో ‘నిశ్శబ్ద్’ తీశారు. ఆ పేరుతో తాము ముందే బెంగాలీ సినిమా తీశామంటూ ఓ చిన్న సంస్థ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. నిజమే, వాళ్లదే ముందు. చిత్రోత్సవాల్లో ఆడింది, అవార్డులూ వచ్చాయి. అయినా కోర్టు వర్మ సినిమాను ఆపలేదు. ఒక్క సినిమాతో ముగిసిపోయే టైటిల్‌కు రక్షణ కావాలంటే ఆ పేరు వినగానే ‘ఫలానా వాళ్ల సినిమా కదా’ అని జనానికి స్ఫురించాలని, చిత్రోత్సవాల్లో మెచ్చుకోళ్లు అందుకు చాలవని చెప్పింది. విడుదల ముంగిట్లో కోర్టుకు రావడాన్నీ తప్పుపట్టింది.

వర్మ ‘షోలే’ను కూడా తిరిగి తీయబోయారు. దాని హక్కుదారులు కోర్టుకెళ్లారు. సినిమా ‘రామ్‌గోపాల్ వర్మ కీ ఆగ్’గా పేరు మార్చుకుని విడుదలైంది. అయినా కేసు ఆగలేదు. 2015లో ఢిల్లీ హైకోర్టు ప్రతివాదులు 10 లక్షల రూపాయలు చెల్లించాలంది. ‘షోలే’ అంటే హిందీలో నిప్పురవ్వలు. కానీ ఆ మాట వినగానే ఎవరికైనా గబ్బర్‌సింగే గుర్తొస్తాడు. తేడా అంతా అదే!

ఇంకో కేసు కూడా చూడండి. ‘కభీ అల్విదా నా కెహనా’ టైటిల్ తమదేనంటూ 2006లో ఒకరు కరణ్ జోహార్ మీద కేసు వేశారు. ట్రేడ్‌మార్క్ కోసం ముందే దరఖాస్తు కూడా చేశారు. అయినా అప్పుడూ సినిమా ఆగలేదు. అది పాత పాట ద్వారా జనం నోట నానిన మాట, ఏ ఒక్కరి సొత్తూ కాదన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి.

మొత్తం మీద ముందు అనుకున్నవాడిదో, ముందు కాగితం మీద పెట్టినవాడిదో కాదు పేరు. జనంలో దాన్ని నిలబెట్టినవాడిది. చిన్నవాళ్లకు ఇది కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది. ప్రచారానికి డబ్బుంటే కదా జనంలో నిలిచేది! అందుకే వాళ్లు మరింత ముందుచూపుతో ఉండాలి.

సిరీస్ అయితే కొంత నయం

ఒక్కసారి తీసి వదిలేసే సినిమా కంటే, ఎపిసోడ్లు ఎపిసోడ్లుగా వచ్చే సిరీస్ పేరుకు రక్షణ దొరకడం తేలిక. ఆ పేరు చూసి జనం మళ్లీ మళ్లీ వస్తారు కాబట్టి అది బ్రాండ్‌లా పనిచేస్తుంది. మీ ఛానల్ పేరూ, నాటక సమాజం పేరూ అంతే. ఒక్కో షార్ట్‌ఫిల్మ్ పేరుకు దరఖాస్తు చేసే స్తోమత లేకపోతే ముందు ఛానల్ పేరును భద్రం చేసుకోవడం తెలివైన పని. అమెరికాలో ఉంటూ లఘుచిత్రాలు తీస్తున్న మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఒకే ఒక్క రచనకు పెట్టిన పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదే చేయరు. సిరీస్ అయితే చేస్తారు.

పేరు పెట్టేముందు...

* వెతకండి: యూట్యూబ్, గూగుల్‌తో సరిపెట్టొద్దు. కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. స్పెల్లింగ్ మార్చి, పలికేతీరు మార్చి కూడా చూడండి. అక్షరం తేడా ఉన్నా వినడానికి ఒకేలా ఉంటే ఇబ్బందే. పేరున్న సినిమా టైటిల్‌ను సరదాకైనా అటూఇటూ మార్చి వాడితే కేసు మీ మీదకే రావచ్చు.

* కొత్తగా ఉండాలి: ‘ప్రేమ’, ‘స్నేహితులు’ లాంటివి అందరి మాటలు. వాటి మీద హక్కు నిలబెట్టుకోవడం కష్టం. మీరే పుట్టించిన పేరు, ఎవరూ ఊహించని జోడీ అయితే బలం ఎక్కువ.

* ఎవరి పేరు మీద?: చిన్న బృందాల్లో అసలు తగాదా బయటివాళ్లతో కాదు, లోపలే. సినిమా హిట్టయ్యాక ‘టైటిల్ నేనే చెప్పా’ అని ఒకరు, ‘డబ్బు నేను పెట్టా’ అని ఇంకొకరు. పేరు ఎవరిదో మొదట్లోనే కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు చేయండి.

* దరఖాస్తు: వినోద కార్యక్రమాలు 41వ తరగతిలోకి, రికార్డు చేసి అమ్మేవి 9వ తరగతిలోకి వస్తాయి. ఆన్‌లైన్లో అయితే ఒక్కో తరగతికి వ్యక్తులకూ చిన్న సంస్థలకూ 4,500, మిగతావారికి 9,000 రూపాయల రుసుము. మన రెండు రాష్ట్రాలూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరిశీలన అయ్యాక పేరును ట్రేడ్‌మార్క్ జర్నల్లో ప్రచురిస్తారు. అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. అలాగని తీసుకుని అటకెక్కించకూడదు. అయిదేళ్లకు పైగా వాడకపోతే రద్దు చేయమని ఎవరైనా కోరవచ్చు.

* గుర్తులతో జాగ్రత్త: పేరు పక్కన ‘టీఎం’ అని ఎవరైనా పెట్టుకోవచ్చు. సున్నాలో ‘ఆర్’ మాత్రం నమోదయ్యాకే. ముందే పెట్టడం చట్టవిరుద్ధం.

* ఆధారాలు దాచండి: నమోదు లేకపోయినా, ముందునుంచీ వాడుతూ జనంలో పేరు తెచ్చుకున్నవాళ్లకు చట్టంలో రక్షణ ఉంది. అయితే నిరూపించాల్సింది మీరే. తొలి పోస్టర్, అప్‌లోడ్ చేసిన తేదీ, వీక్షణల లెక్కలు, పత్రికల్లో వచ్చిన రాతలు, ప్రదర్శనల కరపత్రాలు... అన్నీ ఒకచోట పెట్టుకోండి.

* వెంటనే స్పందించండి: మీ పేరుతో మరొకరు సినిమా ప్రకటించారని తెలిసిన రోజే లాయరును కలిసి నోటీసు పంపండి. విడుదల రేపనగా వెళితే, అవతలివాళ్లు పెట్టిన కోట్లను కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది.

సోమలింగానికి పేరు ముందే పెట్టుకున్నా తప్పులేదు. అదే పేరుతో ఊళ్లో ఇంకో సోమలింగం ఉన్నాడేమో చూసుకుంటే చాలు!