తోబుట్టువుల పండుగలు.. సారెతో పాటు వాటా

ఐరాల: తోబుట్టువుల పండుగ అనగానే నేడు అందరికీ రాఖీ గుర్తుకొస్తుంది. అయితే శ్రావణ పౌర్ణమి తెలుగునాట తరతరాలుగా జంధ్యాల పౌర్ణమిగానే ప్రసిద్ధం. సోదరుని చేతికి రాఖీ కట్టే ఆచారం ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. అంతకుముందు నుంచే ఈ అనుబంధానికి మన ప్రాంతంలో వేరే ఆనవాళ్లు ఉన్నాయి.

భగినీ హస్త భోజనం

దీపావళి అనంతరం వచ్చే కార్తీక శుద్ధ విదియను యమ ద్వితీయ అంటారు. ఆ రోజు యముడు తన సోదరి యమున ఇంట భోజనం చేశాడని పురాణ గాథ. సోదరి చేతి వంట తిన్నవారికి అపమృత్యు భయం ఉండదని విశ్వాసం. పొరుగునున్న తమిళనాడులో కనుమనాడు మహిళలు పసుపు ఆకులపై అన్నపు ముద్దలు ఉంచి, కాకులకు పెట్టి సోదరుల క్షేమాన్ని కోరుకుంటారు.

చెల్లెలికి శ్రీవారి సారె

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మను శ్రీ వేంకటేశ్వరస్వామికి చెల్లెలిగా భక్తులు భావిస్తారు. ఏటా జాతర వేళ తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి అమ్మవారికి పట్టుచీర, పసుపు, కుంకుమలతో సారె అందుతుంది. ఆడపడుచును మరువరాదన్న పుట్టింటి ధర్మానికి ఇది ప్రతీక.

చట్టం ఏం చెబుతోంది?

పెళ్లిలో ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద భూమి ఇవ్వడం పాత ఆచారమే. అది ఇచ్చేవారి ఇష్టం. వాటా మాత్రం హక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన భాగం కల్పించింది. అయితే అప్పటికే వివాహమైన వారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ తేడాను తొలగించింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను మాత్రం తిరగదోడే వీలులేదు. 2005 నాటికి తండ్రి జీవించి లేకున్నా కుమార్తె హక్కు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న స్పష్టం చేసింది.

సంతకానికి ముందు..

వ్యవసాయమే ఆధారమైన ఐరాల వంటి మండలాల్లో భూమి పంపకమే తోబుట్టువుల బంధానికి అసలు పరీక్ష. సోదరి తన భాగాన్ని ఇష్టపూర్వకంగా వదులుకోవచ్చు. అందుకు హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయించాలి. ఒకసారి సంతకం చేశాక వెనక్కి తీసుకోవడం కష్టం. కావున అందులో ఏముందో చదివించుకుని, సమ్మతమైతేనే సంతకం చేయడం మేలు. ఏటా పెట్టే సారె ఆప్యాయతకు గుర్తే తప్ప వాటాకు బదులు కాదు.